చీటీ లేని క్యాసెట్టు: ఇంటి వీడియోలకు కంప్యూటరు పట్టిక

ఛాయాచిత్రకళతో పరిచయం ఉన్నవారికి ఇల్ఫర్డ్ అన్నది ఊరి పేరుగా కంటె ఫిల్ము పెట్టె మీది పేరుగానే ముందు తెలుస్తుంది. 1879లో ఆల్‌ఫ్రెడ్ హ్యూ హార్మన్ అనే ఛాయాగ్రాహకుడు, అప్పటికి ఎసెక్స్ ప్రాంతంలోని చిన్న ఊరైన ఇల్ఫర్డ్‌లో, తన ఇంటి నేలమాళిగలో ఫోటోలకు కావలసిన గాజు ఫలకాలను తయారు చేయడం ప్రారంభించాడు. అదే పెరిగి పెద్దదై ఇల్ఫర్డ్ లిమిటెడ్ అయింది. 1970ల దశకంలో ఆ కర్మాగారం ఊరు విడిచిపోయినా, పేరు మాత్రం నేటికీ నలుపు తెలుపు ఫిల్ము పెట్టెల మీద నిలిచి ఉన్నది.

అదే ఇల్ఫర్డ్‌లోను, దాని పొరుగున ఉన్న ఈస్ట్ హామ్‌లోను స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇండ్లలో మరొక రకపు చిత్రసంపద ఉన్నది. అల్మరాల పై అరలలో, మెట్ల క్రింది గదులలో, అటక మీది అట్టపెట్టెలలో దాచిన వీహెచ్‌ఎస్ క్యాసెట్లే ఆ సంపద. పెండ్లిళ్ళు, అన్నప్రాసనలు, ఉగాది సభలు, బడిలో పిల్లలు వేసిన నాటకాలు, స్వదేశం నుండి వచ్చిన తాతయ్యలు థేమ్స్ నది ఒడ్డున తొలిసారి నిలబడిన దృశ్యాలు వాటిలో ఉన్నాయి.

ఫిల్ముకూ టేపుకూ మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ఫోటో నెగెటివును కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే అందులో ఎవరున్నారో కంటికే తెలుస్తుంది. వీడియో టేపును ఎంత వెలుగులో పట్టుకున్నా నల్లని పట్టీ తప్ప మరేమీ కనిపించదు. అందువలన క్యాసెట్టుకు ముఖం దాని మీద అంటించిన చీటీయే. ఆ చీటీ ఊడిపోయినా, దాని మీద "పెళ్ళి – 2" అని మాత్రమే ఉన్నా, లోపలి దృశ్యం ఉండీ లేనట్లే అవుతుంది.

టేపులో జరుగుతున్నదేమిటి?

వీహెచ్‌ఎస్ పద్ధతిని జపానుకు చెందిన జేవీసీ సంస్థ 1976లో విడుదల చేసింది. టేపు వెడల్పు 12.7 మిల్లీమీటర్లు. బ్రిటనులో విరివిగా అమ్ముడుపోయిన మూడు గంటల క్యాసెట్టులో సుమారు 250 మీటర్లకు పైగా టేపు చుట్టి ఉంటుంది. పలుచని పాలియెస్టర్ పట్టీ మీద, అయస్కాంత గుణం గల ఇనుప ఆక్సైడు రేణువులను ఒక జిగురు పదార్థంతో అంటించి దీనిని తయారు చేస్తారు. యంత్రంలోని డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ, తనకు అమర్చిన హెడ్లతో టేపు మీద ఏటవాలు గీతలుగా చిత్రాన్ని వ్రాస్తుంది. చూసేటప్పుడు అవే గీతలను తిరిగి చదువుతుంది.

ఈ రేణువులను పట్టి ఉంచే జిగురే టేపుకు బలహీనమైన చోటు. అది గాలిలోని తేమను పీల్చుకుని క్రమంగా మెత్తబడుతుంది. తేమ ఎక్కువైతే చుట్ట అంచుల మీద తెల్లని బూజు పడుతుంది. వేసవిలో వేడెక్కి శీతాకాలంలో చల్లబడే అటక, తేమ ఊరే గరాజు టేపుకు ఏమాత్రం తగని చోట్లు. చల్లగా, పొడిగా ఉండే గది గోడ అలమర మేలు. క్యాసెట్లను పడుకోబెట్టక, పుస్తకాల వలె నిలబెట్టి ఉంచడం మంచిది.

టేపు మిగిలినా యంత్రం మిగలాలి కదా! వీసీఆర్‌లను చివరి వరకు తయారు చేసిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని మానివేసింది. 2019లో యునెస్కో సహకారంతో "మాగ్నెటిక్ టేప్ అలర్ట్" అనే హెచ్చరిక వెలువడింది. 2025 నాటికి టేపులను తిరిగి ఆడించడం దాదాపు అసాధ్యం కావచ్చునని దాని సారాంశం. ఆ గడువు వచ్చింది. పాత యంత్రాలు అక్కడక్కడ పనిచేస్తూనే ఉన్నా, వాటి విడి భాగాలు, బాగుచేసేవారు అరుదవుతున్నారు. అందుచేత ఏ క్యాసెట్టును ముందు కాపాడుకోవాలో నిర్ణయించుకోవడం ప్రతి ఇంటికీ అవసరమైనది. ఆ నిర్ణయానికి ఆధారం పట్టిక.

దేశానికొక పద్ధతి

బ్రిటను, భారతదేశం రెండూ పాల్ పద్ధతిని అనుసరించాయి. ఇందులో చిత్రానికి 625 గీతలు, సెకనుకు 25 చిత్రాలు. అందుచేతనే విజయవాడలో తీసిన పెండ్లి వీడియో ఇల్ఫర్డ్ ఇంటిలో ఏ ఇబ్బందీ లేకుండా కనిపించేది. అమెరికాలోని బంధువులు పంపిన క్యాసెట్టు మాత్రం ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఉండేది. అందులో 525 గీతలు, సెకనుకు సుమారు 30 చిత్రాలు. పాల్ యంత్రంలో అది రంగులు లేకుండానో, పైకి క్రిందికి జారుతూనో కనిపిస్తే "టేపు చెడిపోయింది" అని ప్రక్కన పెట్టిన ఇండ్లు ఉండవచ్చును. పట్టికలో "పద్ధతి" అనే గడి ఒకటి ఉంటే, చెడని టేపును చెడినదిగా పారవేసే ప్రమాదం తప్పుతుంది.

రంగనాథన్ గారి ఐదు ముఖాలు

పట్టికలో ఏ ఏ గడులు ఉండాలన్న ప్రశ్నకు సమాధానం కోసం దూరం వెళ్ళనక్కరలేదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నియమితులైన ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1924లో గ్రంథాలయ శాస్త్రం అభ్యసించడానికి లండను వచ్చారు. అక్కడి ఒక దుకాణంలో పిల్లలు ఆడుకునే మెకానో ముక్కలను చూసి, కొద్ది ముక్కలను రకరకాలుగా కలిపి ఎన్నో వస్తువులను నిర్మించినట్లే విషయాలను కూడా వర్గీకరించవచ్చునన్న ఆలోచన ఆయనకు కలిగిందని ప్రసిద్ధి. ఆ ఆలోచన ఫలితమే 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణ. ఏ విషయాన్నయినా వ్యక్తిత్వం, పదార్థం, క్రియ, దేశం, కాలం అనే ఐదు ముఖాల నుండి చూడవచ్చునని ఆయన తరువాత సిద్ధాంతీకరించారు.

ఇంటి క్యాసెట్లకు ఈ ఐదూ చక్కగా సరిపోతాయి. వ్యక్తిత్వం అంటే ఎవరు: దృశ్యంలో ఉన్నవారి పేర్లు. పదార్థం అంటే దేనిమీద: వీహెచ్‌ఎస్సా, కెమెరాలో వాడే చిన్న క్యాసెట్టా, పాలా, ఎన్‌టీఎస్‌సీయా, మూల ప్రతా, నకలా. క్రియ అంటే ఏ సందర్భం: ఉపనయనమా, గృహప్రవేశమా, విహారయాత్రా. తరువాత ఎక్కడ, ఎప్పుడు. శాస్త్ర పరిభాష అంతటితో చాలు. ఈ ఐదు ప్రశ్నలకు జవాబు ఉన్న చీటీయే సంపూర్ణమైన చీటీ.

ఒక పట్టికా, రెండా?

ఒక్కొక్క క్యాసెట్టులో ఒక్కటే అంశం ఉండడం అరుదు. మొదటి గంట సీమంతం, తరువాత టీవీలో వచ్చిన క్రికెట్టు ఆట, చివరి పది నిమిషాలు అమ్మమ్మ పాట ఉండవచ్చును. "సీమంతం" అని మాత్రమే వ్రాస్తే ఆ పాట కనుమరుగవుతుంది. అందుచేత రెండు పట్టికలు అవసరం. మొదటిది క్యాసెట్ల పట్టిక: సంఖ్య, పద్ధతి, నిడివి, ప్రస్తుత స్థితి, ఉన్న చోటు. రెండవది అంశాల పట్టిక: ఏ సంఖ్య గల క్యాసెట్టులో, ఎన్నవ నిమిషం నుండి ఎన్నవ నిమిషం వరకు, ఎవరు, ఏ సందర్భం, ఎక్కడ, ఎప్పుడు. రెండింటినీ కలిపే ముడి క్యాసెట్టు సంఖ్య. ఇట్లు పట్టికలను ఉమ్మడి సంఖ్యతో ముడివేసే విధానాన్ని ఇంగ్లండులో పుట్టి అమెరికాలో ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించారు. నేటి బ్యాంకుల లెక్కలు ఎక్కువగా దీని మీదనే నడుస్తున్నాయి. ఇంటి అవసరానికి సాధారణమైన స్ప్రెడ్‌షీటులో రెండు పుటలు చాలును.

క్యాసెట్టు సంఖ్యలో అర్థాలు ఇరికించరాదు. "పె-3" అంటే మూడవ పెండ్లి క్యాసెట్టు అనుకున్న తరువాత అందులో పుట్టినరోజు బయటపడితే సంఖ్య మార్చవలసి వస్తుంది. 001, 002 అని వరుసగా వేసిన అంకె ఎన్నటికీ మారదు. తేదీని సంవత్సరం, నెల, రోజు అన్న వరుసలో 1994-05-03 అని వ్రాయాలి. "3-5-94" అన్నది బ్రిటనులో మే 3, అమెరికాలో మార్చి 5. సంవత్సరం ముందు వ్రాస్తే ఈ సందేహం ఉండదు; కంప్యూటరు కూడా కాలక్రమంలో సులభంగా పేరుస్తుంది. పాత యంత్రాల కౌంటరు అంకెలను నమ్మరాదు. అవి చుట్ట తిరిగిన లెక్కను చూపుతాయే గాని కాలాన్ని కాదు. ఒక యంత్రం అంకె మరొక యంత్రంలో సరిపోదు. గంటలు, నిమిషాలు వ్రాయడమే ఉత్తమం.

మామయ్య అంటే ఎవరి మామయ్య?

తెలుగు కుటుంబాల చీటీలలో మరొక చిక్కు ఉన్నది. వరుస పిలుపు వ్రాసిన వ్యక్తిని బట్టి మారుతుంది. తల్లి "అన్నయ్య" అని వ్రాసిన మనిషి పిల్లలకు మామయ్య, మనుమలకు తాతయ్య. ఒక తరం గడిచేసరికి "అన్నయ్య షష్టిపూర్తి" అన్న చీటీ ఎవరిదో చెప్పలేని స్థితి వస్తుంది. కనుక పట్టికలో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, తరువాత గడిలో "ఎవరికి ఏమవుతారు" అన్న వివరం విడివిడిగా ఉండాలి. "అమ్మమ్మ గారి ఊరు" అన్నచోట ఆ ఊరి అసలు పేరు, మండలం, జిల్లా వ్రాయాలి.

పేర్లను ఆంగ్ల లిపిలో వ్రాస్తే లక్ష్మి అన్న ఒక్క పేరే మూడు నాలుగు విధాలుగా కనిపించి వెదకులాటకు అడ్డు వస్తుంది. తెలుగు లిపిలో ఆ బాధ తక్కువ. అయితే 1990లలో ఒక్కొక్క తెలుగు ఫాంటుకు ఒక్కొక్క సంకేత పద్ధతి ఉండేది. ఆనాడు శ్రమపడి తయారు చేసిన జాబితాను ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించినా, ఇంటింటి కంప్యూటర్లకు అది చేరడానికి 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వరకు ఆగవలసి వచ్చింది. నేడు పట్టికను యూనికోడ్‌లోనే వ్రాసి, ఏ ప్రత్యేక ప్రోగ్రామూ అవసరం లేని సాదా పాఠ్యంగా ఒక ప్రతి దాచి, మరొక ప్రతిని కాగితం మీద అచ్చువేసి క్యాసెట్ల ప్రక్కనే ఉంచడం క్షేమం.

పని వరుస

మొదట అన్ని క్యాసెట్లను ఒకచోట చేర్చి సంఖ్యలు వేయాలి. రికార్డింగును అడ్డుకునే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచివేస్తే పొరపాటున పాత దృశ్యం చెరిగిపోదు. పాత చీటీని పీకివేయరాదు. దాని మీది చేవ్రాత కూడా ఆధారమే. ఆ వ్రాతను ఉన్నదున్నట్లు పట్టికలోకి ఎక్కించాలి. కొత్త చీటీని క్యాసెట్టు వెన్ను మీది పల్లపు గుంటలోనే అంటించాలి. అంచు దాటినా, టేపును కప్పే మూత మీద పడినా యంత్రంలో ఇరుక్కుంటుంది. తేమకు చెదరిపోయే సిరా కంటె లేజర్ ముద్రణ నయం. బూజు కనిపించిన క్యాసెట్టును యంత్రంలో పెట్టనే కూడదు. దానిని విడిగా ఉంచి నిపుణులకు అప్పగించాలి.

తరువాత వరుస నిర్ణయించాలి. అంగడిలో కొన్న సినిమాలకు ఇతర ప్రతులు ఎక్కడో ఉంటాయి. ఇంటి దృశ్యాలకు ఈ ఒక్కటే ప్రతి. కనుక వాటినే ముందుగా కంప్యూటరులోకి ఎక్కించాలి. డీవీ పద్ధతిలో గంట దృశ్యానికి సుమారు 13 గిగాబైట్ల చోటు కావాలి. మూడు గంటల క్యాసెట్టుకు 39. ఫైలు పేరులో కూడా అదే క్యాసెట్టు సంఖ్య ఉండాలి. ఒక ప్రతి ఇల్ఫర్డ్‌లో, మరొకటి వేరొక ఊరిలోని బంధువుల ఇంటిలో ఉంటే నిశ్చింత. ఎక్కించిన తరువాత కూడా మూల క్యాసెట్టును పారవేయరాదు.

అయితే ఈ పనులన్నిటికంటె ముందు చేయవలసినది మరొకటి ఉన్నది. మసకబారిన రంగులను, వణికే చిత్రాన్ని సరిదిద్దే సాధనాలు నేడు ఉన్నాయి. రేపు ఇంకా మెరుగైనవి రావచ్చును. ఒకే ముఖం ఎన్ని దృశ్యాలలో ఉన్నదో కంప్యూటరు పోల్చి చెప్పగలదు. కాని వసారాలో కూర్చుని తాంబూలం అందిస్తున్న ఆ వృద్ధురాలు పెండ్లికుమార్తెకు మేనత్తా, పొరుగింటి ఆవిడా అన్నది ఏ యంత్రమూ చెప్పలేదు. అది ఆ పందిటిలో తిరిగిన పెద్దలకే తెలుసు. పూర్వం తాళపత్ర గ్రంథాలను వ్రాసిన లేఖకులు పని ముగియగానే సంవత్సరం, మాసం, తిథి, తమ పేరు చివరి ఆకు మీద వ్రాసిపెట్టేవారు. గ్రంథాల కాలం నిర్ణయించడానికి పండితులకు నేటికీ అవే ఆధారాలు. క్యాసెట్టుకు అటువంటి చివరి ఆకు ఇప్పటికి లేదు. దానిని వ్రాయగలవారు మాత్రం ఇంటిలోనే ఉన్నారు. వారం వారం ఒక సాయంత్రం పెద్దలు పేర్లు చెబుతూ ఉండగా పిల్లలు కంప్యూటరులో ఎక్కిస్తే, తెలుగు లిపి వారికి, కంప్యూటరు వీరికి అలవాటవుతాయి. ఏడాదిలో యాభై క్యాసెట్లు పూర్తవుతాయి. టేపును బాగుచేయించడానికి మరికొన్ని నెలలు ఆగవచ్చును. పేర్లు అడిగి వ్రాసుకోవడానికి ఆగరాదు.