ఎలక్ట్రిక్ కారు: ఫిక్స్‌డ్ రేటా, బేరమా?

టెస్లాకి డీలర్లు లేరు. కంపెనీయే నేరుగా అమ్ముతుంది, వెబ్‌సైట్‌లో ఉన్నదే రేటు. అమెరికాలో ఫోర్డ్ లాంటి పాత కంపెనీల కార్లు డీలర్ల దగ్గరే కొనాలి. అక్కడ స్టిక్కర్ మీది ధర నుంచి బేరం మొదలవుతుంది. మాటకారి తక్కువ కడతాడు, మొహమాటస్తుడు అదే కారుకి ఎక్కువ కడతాడు. నాలాంటివాడికి ఫిక్స్‌డ్ రేటే న్యాయం అనిపిస్తుంది.

కానీ ఫిక్స్‌డ్ అంటే మారదని కాదండోయ్! 2023 జనవరిలో టెస్లా చైనాలో ధరలు తగ్గిస్తే, కొద్దిరోజుల ముందు కొన్నవాళ్లు షోరూమ్‌లకెళ్లి గొడవకు దిగారు. అదే నెల అమెరికాలోనూ 20 శాతం దాకా కోత పడింది. బేరంలో నీకూ పక్కవాడికీ తేడా, ఇక్కడ నిన్నకీ ఇవాళ్టికీ తేడా.

మన దగ్గర ఎక్స్‌షోరూమ్ రేటు కంపెనీ చెప్పిందే. బేరమంతా ఆన్‌రోడ్ లెక్కలో ఉంటుంది: ఇన్సూరెన్స్, యాక్సెసరీలు, పాత బండి ఎక్స్ఛేంజ్. మా బాబాయి సీటు కవర్లు ఫ్రీగా వచ్చాయని తెగ సంబరపడ్డారు గానీ, ఇన్సూరెన్స్ బయట ఎంతో అడగనే లేదు. డీలర్ దగ్గరే చేయించాలన్న రూలేం లేదు. తెలంగాణలో అయితే 2024 నవంబర్ నుంచి 2026 చివరిదాకా ఈవీలకు రోడ్ ట్యాక్స్ మాఫీ. కొటేషన్‌లో ఆ గడిలో ఏం రాశారో కూడా చూడండి.