పల్నాటి ఎండల్లో గోడ ఏసీ: వాడకం, సంరక్షణ

ఒకప్పుడు సినిమా హాలులోనో, బ్యాంకులోనో తప్ప కనిపించని ఏసీ యంత్రం ఇప్పుడు నరసరావుపేట, గురజాల, మాచర్ల వైపు పల్లెలలో కూడా గోడలకు కనిపిస్తున్నది. ఎండాకాలంలో వేడి మాట వస్తే రెంటచింతల పేరు ముందు చెప్పుకునే ప్రాంతం మనది. ముసలివాళ్లు, బాలింతలు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో దీనిని విలాసమని మేము అనము. అయితే పాల డబ్బుతో వాయిదాల మీద కొన్న యంత్రం సరిగ్గా మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు, అవసరమైన వేళకే మొరాయిస్తున్నదని సభ్యులు మాతో చెప్పుకుంటున్నారు. మెకానిక్కు వచ్చి గ్యాసు అయిపోయిందంటాడు, డబ్బు తీసుకుంటాడు, పది రోజులకు మళ్లీ అదే కథ. మేము చూసినంతలో యంత్రం తప్పు కొంచెమే. దాన్ని పెట్టిన చోటు తప్పు ఎక్కువ.

ఇది అర్థం కావాలంటే సంఘంలోని బల్క్ కూలరును గుర్తు చేసుకోండి. పితికిన పాలు గేదె ఒంటి వేడితోనే ఉంటాయి. కూలరు వాటిని 4 డిగ్రీలకు దించుతుంది. మరి ఆ వేడి ఎక్కడికి పోయినట్టు? కూలరు గ్యాసును చల్లబరిచే ఫ్యాను దగ్గర చేయి పెట్టి చూడండి, తెలుస్తుంది. పాలలోని వేడిని గ్యాసు మోసుకువచ్చి అక్కడ వదులుతున్నది. చలిని తయారుచేసే యంత్రం అంటూ లేదు. వేడిని ఒకచోట ఎత్తి మరొకచోట పోయడమే దాని పని.

గోడ ఏసీ కూడా అంతే. లోపలి పెట్టెలో గ్యాసు ఆవిరవుతూ గది వేడిని పీల్చుకుంటుంది. బయటి పెట్టెలోని కంప్రెసరు దాన్ని గట్టిగా నొక్కి మరింత వేడెక్కిస్తుంది. అక్కడి ఫ్యాను గాలికి ఆ వేడి పోయి, గ్యాసు ద్రవంగా మారి తిరిగి లోపలికి వస్తుంది. పెద్ద భవనాలలో చల్లగాలిని రేకు గొట్టాలలో గది గదికీ పంపుతారు. మన ఇళ్లలో ఆ ఏర్పాటు లేదు. గోడకు ఒక రంధ్రం, అందులోంచి రెండు రాగి గొట్టాలు, తీగలు, నీరు పోయే పైపు, అంతే.

చిక్కంతా బయటి పెట్టె దగ్గరే. ఏసీ చల్లబరిచే శక్తిని బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచి దాని మీద రాస్తారు. (టన్ను అంటే యంత్రం బరువు కాదు. అమెరికా లెక్క టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని అదే వ్యవధిలో తీసివేయగలదని అర్థం.) మన దగ్గర ఎండ 45 డిగ్రీలకు పోతుంది. వేడిగా ఉన్న గాలిలోకి వేడిని నెట్టడం ఎదురు గట్టు మీదికి బండి తోలడం వంటిది. చల్లదనం తగ్గుతుంది, కరెంటు ఎక్కువ కాలుతుంది. పెట్టె వదిలిన వేడిగాలి దాని చుట్టూనే తిరుగుతుంటే ఇక చెప్పనక్కరలేదు. కంప్రెసరు కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది.

గురజాల వైపు ఒక సభ్యుని ఇంట్లో మేము చూసినది ఇదే. ఎండ తగలకూడదని బయటి పెట్టెను ప్రహరీకీ ఇంటి గోడకూ మధ్య మూరెడు సందులో పెట్టి, పైన రేకు కప్పి, పక్కనే గడ్డివామి వేశారు. ఒకే వేసవిలో రెండుసార్లు గ్యాసు పోయించారు. పెట్టెను మేడమీదికి, ముందు భాగం ఖాళీగా ఉండే చోటికి మార్చి, ఎత్తుగా నీడ వేయించాక మధ్యాహ్నం ఆగడం మానేసింది. నీడ మంచిదే, కాని గాలికి అడ్డం రాకూడదు. వెనుక జానెడు, ముందు నాలుగైదు అడుగులు ఖాళీ ఉంచండి. గడ్డి దరిదాపుల్లో ఉండనే కూడదు.

పాడి ఉన్న ఇళ్లకు ఇంకొక మాట. బయటి పెట్టెను గొడ్ల పాక వైపు పెట్టకండి. పేడ, మూత్రం నుంచి లేచే అమ్మోనియా వాయువు రాగిని తినేస్తుంది, గొట్టాలకు కంటికి కనిపించని చిల్లులు పడతాయి. అంతకంటె ముఖ్యం, ఆ వేడిగాలి గేదెల మీదికి పోతుంది. నల్లని తోలు, తక్కువ చెమట గల గేదె ఎండకు తట్టుకోలేక మేత తగ్గించి, పాలు తగ్గిస్తుంది. మనం చల్లగా పడుకోవడానికి దాన్ని ఉడికించడం ఏమి న్యాయం?

దుమ్ము సంగతి. పిడుగురాళ్ల చుట్టుపట్ల సున్నపు బట్టీల పొడి, పత్తి తీసే రోజులలో దూది, కళ్లాల దగ్గర మిరప పొడి, ఇవన్నీ పెట్టె వెనుక ఉండే సన్నని అల్యూమినియం రేకుల మధ్య పేరుకుంటాయి. సున్నం తడిస్తే అల్యూమినియాన్ని కొరుకుతుంది. కనుక ముందు మెయిను ఆపి, పొడిగా ఉన్నప్పుడే మెత్తని బ్రష్షుతో రేకుల వాలున పైనుంచి కిందికి దులపండి. ఆ తర్వాత మామూలు ధారతో, సున్నం మిగలకుండా కడగండి. మోటారు సైకిళ్లు కడిగే గట్టి ధార పెడితే రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది. పెట్టె మూత మాత్రం విప్పకండి. కరెంటు ఆపినా లోపలి కెపాసిటరులో విద్యుత్తు నిలిచి ఉంటుంది, అది మెకానిక్కు పని. బల్లులు దూరి సర్క్యూట్ బోర్డు మాడ్చిన సందర్భాలూ ఉన్నాయి. తీగలు పోయే రంధ్రాలను మూయించండి.

ఇక గ్యాసు. అది కిరోసినులా కాలి అయిపోయేది కాదు. మూసిన గొట్టాలలో తిరుగుతుంటుంది, ఏటేటా పోయనవసరం లేదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. అతుకుల దగ్గర నూనె మరక కనిపిస్తే అనుమానించండి. రాగి గొట్టం మీద మంచు కట్టిందని మాత్రం కంగారు పడవద్దు, లోపలి జల్లెడ మూసుకుపోయినా మంచు కడుతుంది. ముందు జల్లెడ కడిగి చూడండి. కారే చోటు పూడ్చకుండా గ్యాసు పోయించడం చిల్లు బిందెలో నీళ్లు పోయడమే. పూడ్చిన తర్వాత వాక్యూమ్ పంపుతో గొట్టాలలోని గాలిని, తేమను లాగి, గ్యాసును తూచి పోయాలి. ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అన్నది బయటి పెట్టె మీది పలక మీదే ఉంటుంది. దాన్ని చూపించి తక్కెడ తెమ్మని అడగండి. పాల సంఘంలో కొలత, వెన్న శాతం అడిగి చూసుకునే మనకు ఇది కొత్త కాదు. ఇప్పుడు ఎక్కువగా వచ్చే ఆర్-32 గ్యాసుకు కొద్దిగా మండే గుణం ఉంది కనుక పని జరిగేటప్పుడు తలుపులు తెరిచి ఉంచండి, బీడీ, పొయ్యి దూరంగా ఉంచండి.

మిగిలినవి చిన్న పనులు. లోపలి జల్లెడను వేసవిలో పదిహేను రోజులకొకసారి కడిగి నీడన ఆరబెట్టాలి. నీటి పైపు వాలుగా ఉండాలి, లేకపోతే నీరు గోడ మీదికి కారుతుంది. ఆ నీటిని మొక్కలకు పోయండి, తాగడానికి, గొడ్లకు వద్దు. ఎర్తింగు తప్పనిసరి. ఓల్టేజి పడిపోయే ఊళ్లలో స్టెబిలైజరు కావాలి. కరెంటు పోయి వస్తే మూడు నిమిషాలు ఆగి వేయండి.

రిమోటు మీద 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందనుకోవడం పొరపాటు. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టారు గుర్తు గల ఏసీలు మొదట 24 డిగ్రీల వద్దే నడిచేటట్లు కేంద్రం నియమం పెట్టింది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. 26 పెట్టి, పైన పంకా నెమ్మదిగా తిప్పుకుంటే చాలు.

నాపరాతి కప్పు ఉన్న ఇళ్లలో పగలు తాగిన ఎండను రాయి రాత్రంతా వదులుతుంది. ఇంకా పెద్ద ఏసీ కొనేముందు కప్పు మీద తెల్లని సున్నం రెండు పూతలు వేసి చూడండి. మన ప్రాంతంలో సున్నానికి కొదవా?

వేడినీ ఇచ్చే ఏసీలు కూడా అమ్ముతున్నారు. గ్యాసు ప్రయాణాన్ని తిప్పే ఒక వాల్వు ఉంటుంది, అప్పుడు బయటి వేడి లోపలికి వస్తుంది. అమెరికాలోని మన పిల్లలు చలికాలం వాటితో గడుపుకుంటారు. పల్నాటి చలికి దుప్పటి సరిపోతుంది, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు.

ఏటా చేయించే పెద్ద తనిఖీని కోటప్పకొండ తిరునాళ్ల నుంచి తిరిగివచ్చిన వారంలో పెట్టుకోండి. అప్పటికి ఎండ ముదరదు, మెకానిక్కుకు తీరిక ఉంటుంది. అదే పూట సంఘం కూలరు ఫ్యాను వెనుక రేకులను కూడా దులిపించమని మీ కార్యదర్శికి చెప్పండి.