శ్రీలంక యాత్ర.. నెలను బట్టి తీరం ఎంచుకోవాలి

పిల్లల చదువులు, పెళ్లిళ్లు పూర్తయ్యాయి. పదవీ విరమణ సొమ్ములో కొంత మిగిలింది. ఒక్కసారైనా విమానమెక్కి పొరుగు దేశం చూసి రావాలన్నది చాలా ఇళ్లలో పెద్దల కోరిక. అలాంటి వారికి ముందుగా తట్టే పేరు శ్రీలంక. చెన్నై నుంచి కొలంబోకు విమాన ప్రయాణం గంటన్నరకు మించదు. గడియారంలో సమయం మార్చుకోనవసరం లేదు. నగరం, తేయాకు తోటల కొండలు, సముద్ర తీరం.. మూడింటినీ ఒకే యాత్రలో చూడవచ్చు. ఇంత సులభంగా కనిపించే యాత్ర కూడా నెల తప్పితే వానపాలవుతుంది. తక్కువ రోజుల్లో ఎక్కువ ఊళ్లు కుదిస్తే ప్రయాణ బడలికే మిగులుతుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము కనుక అడ్వాన్సు చెల్లించక ముందే కొన్ని విషయాలు తెలుసుకోవలసి ఉంటుంది.

రెండు రుతుపవనాలు.. రెండు తీరాలు

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు. అయినప్పటికీ ద్వీపమంతటా ఒకే వాతావరణం ఉండదు. మధ్యలో ఉన్న కొండలే ఇందుకు కారణం. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల ప్రభావంతో కొలంబో, గాలే, మిరిస్సా ఉన్న పడమర, దక్షిణ తీరాల్లో వానలు పడతాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అదే సమయంలో కొండలకు అవతల ఉన్న తూర్పు తీరంలో ఎండ కాస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పరిస్థితి తారుమారవుతుంది. ఈశాన్య రుతుపవనాలు తూర్పు, ఉత్తర ప్రాంతాలను తడుపుతాయి. దక్షిణ తీరం ప్రశాంతంగా ఉంటుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో ద్వీపంలో చాలాచోట్ల వానలు కురుస్తాయి. బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలమూ అదే. 2025 నవంబరు చివరలో దిత్వా తుపాను శ్రీలంకను తాకినప్పుడు కొండ ప్రాంతాల్లో చరియలు విరిగిపడి తీవ్ర ప్రాణనష్టం సంభవించింది. రహదారులు, రైలు మార్గాలు దెబ్బతిన్నాయి.

మన సెలవులకు ఈ లెక్కను అన్వయించుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. సంక్రాంతి మొదలు మార్చి వరకు వెళ్లేవారికి దక్షిణ తీరం అనుకూలం. మిరిస్సా సముద్రంలో తిమింగలాలు కనిపించే కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు. పిల్లల వేసవి సెలవుల్లో, అంటే మే నెలలో వెళ్లేవారు తూర్పున ఉన్న ట్రింకోమలీని ఎంచుకోవడం మేలు. అక్కడి కోణేశ్వరాలయం సముద్రపు ఒడ్డున కొండకొమ్ముపై ఉంది. దసరా సెలవుల్లో వెళ్లేవారు తీరంపై ఆశలు తగ్గించుకొని చారిత్రక నగరాలకు ఎక్కువ రోజులు కేటాయించుకోవాలి. ఏప్రిల్ 13, 14 తేదీల ప్రాంతంలో సింహళ, తమిళ నూతన సంవత్సరాది వస్తుంది. ఆ రోజుల్లో దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి.

కిలోమీటర్లు కాదు.. గంటలు లెక్కించాలి

ప్రకటనల్లో కనిపించే దూరాలు చూసి మోసపోరాదు. కొలంబో నుంచి క్యాండీ 115 కిలోమీటర్లే అయినా రోడ్డుపై మూడు నుంచి నాలుగు గంటలు పడుతుంది. క్యాండీ నుంచి నువర ఎలియకు 80 కిలోమీటర్ల లోపే. కొండ మలుపుల వల్ల సుమారు మూడు గంటల ప్రయాణం. కొలంబో నుంచి గాలేకు మాత్రం 2011లో ప్రారంభమైన దక్షిణ ఎక్స్‌ప్రెస్ రహదారి మీదుగా దాదాపు రెండు గంటల్లో చేరవచ్చు. రోజుకు నాలుగు గంటలకు మించి వాహనంలో కూర్చోబెట్టే ప్రణాళిక అరవై దాటిన వారికి భారమే. ఒకే ఊళ్లో రెండు రాత్రులు బస ఉంటే పెట్టెలు సర్దే శ్రమ తగ్గుతుంది.

పది రోజుల నమూనా

జనవరి నుంచి మార్చి మధ్య వెళ్లేవారు ఈ క్రమాన్ని పరిశీలించవచ్చు. విమానాశ్రయం కొలంబోలో కాక, నగరానికి ఉత్తరాన కటునాయకెలో ఉంది. కనుక మొదటి రాత్రి సమీపంలోని నెగొంబోలో విశ్రాంతి తీసుకోవచ్చు. రెండో రోజు సిగిరియకు చేరుకోవాలి. మూడో రోజు తెల్లవారుతూనే అయిదో శతాబ్దంలో కాశ్యప రాజు కోట కట్టించుకున్న సిగిరియ శిల, మధ్యాహ్నం పొలన్నరువ శిథిలాలు చూడవచ్చు. నాలుగో రోజు దారిలో దంబుల్లా గుహాలయాలు చూసుకుంటూ క్యాండీ చేరాలి. అయిదో రోజంతా క్యాండీలోనే ఉండి సాయంత్రం దళద మాలిగావలో బుద్ధుని దంతధాతువుకు జరిగే పూజ చూడవచ్చు.

ఆరు, ఏడు రోజులు నువర ఎలియకు కేటాయించాలి. ఇది సముద్ర మట్టానికి 1,868 మీటర్ల ఎత్తున ఉంది. స్వెట్టరు తప్పనిసరి. 1867లో జేమ్స్ టేలర్ క్యాండీ సమీపాన లూల్‌కందుర ఎస్టేటులో తేయాకు సాగు మొదలుపెట్టారు. తెగులు సోకి కాఫీ తోటలు నాశనమైన తర్వాత తేయాకే ఈ కొండలకు ఆధారమైంది. ఇక్కడ ఆకు కోసేవారిలో ఎక్కువ మంది బ్రిటిషు కాలంలో తమిళ దేశం నుంచి తరలివచ్చిన కూలీల సంతతివారే. సీతమ్మను ఉంచినట్లు చెప్పుకొనే అశోకవనం వద్ద సీత ఎలియ ఆలయం ఈ ఊరికి దగ్గరలోనే ఉంది. ఎనిమిదో రోజు ఎల్లాలో తొమ్మిది కమానుల రైలు వంతెనను చూసి దక్షిణ తీరానికి దిగవచ్చు. ఆ ఒక్కరోజు ప్రయాణం మాత్రం ఎక్కువసేపు ఉంటుంది. తొమ్మిదో రోజు గాలే కోట, సముద్రం. పోర్చుగీసువారు మొదలుపెట్టిన ఈ కోటను తర్వాత డచ్చివారు పటిష్ఠం చేశారు. పదో రోజు కొలంబో చూసుకొని రాత్రికి విమానం ఎక్కవచ్చు.

మే నెలలో వెళ్లేవారు సిగిరియ నుంచి ట్రింకోమలీకి వెళ్లి రెండు రాత్రులుండి, వెనక్కి క్యాండీ, నువర ఎలియ మీదుగా కొలంబో చేరితే సరిపోతుంది. గాలేను వదులుకోవాలి. రెండు తీరాలనూ ఒకే యాత్రలో చూపిస్తామనే ప్రణాళికలో ఏదో ఒకచోట వాన తప్పకపోవచ్చు. కొండ మార్గంలో రైలు ప్రయాణం ప్రసిద్ధమే అయినా తుపాను దెబ్బ దృష్ట్యా అనుకున్న తేదీకి రైలు ఏ స్టేషను వరకు నడుస్తున్నదో ముందే రూఢి చేసుకోవాలి.

గైడు ఎవరో తెలుసుకోవాలి

శ్రీలంకలో పర్యాటక అభివృద్ధి ప్రాధికార సంస్థ గైడులకు లైసెన్సులు ఇస్తుంది. దేశమంతటా తిరిగే జాతీయ గైడులు, వాహనం నడుపుతూనే వివరించే డ్రైవరు గైడులు, ఒక ప్రదేశానికే పరిమితమైన గైడులు వేర్వేరుగా ఉంటారు. ప్యాకేజీలో ‘గైడు సదుపాయం’ అని రాసి ఉంటే అది వీరిలో ఎవరో అడగాలి. కేవలం డ్రైవరును పంపి గైడు అని చెప్పుకొనే అవకాశం ఉంది. రత్నాల దుకాణాలు, సుగంధ ద్రవ్యాల తోటల వద్ద గంటల తరబడి ఆపడం కమీషను కోసమే కావచ్చు. అటువంటి ఆగుదలలు ఎన్ని ఉంటాయో ముందే తేల్చుకోవాలి.

తెలిసిన గైడు ఉంటే తెలుగువారికి ఈ యాత్ర మరింత దగ్గరవుతుంది. కృష్ణా తీరాన నాగార్జునకొండలో సింహళ విహారం ఉన్నట్లు అక్కడి శాసనం తెలుపుతోంది. 1739 నుంచి 1815 వరకు క్యాండీని ఏలిన నాయక్కర్ రాజులకు మదురైని పాలించిన తెలుగు నాయక వంశంతో బంధుత్వం ఉంది. చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహను బ్రిటిషువారు పదవి నుంచి తొలగించి వేలూరుకు తరలించారు. 1832లో ఆయన అక్కడే మరణించారు. దళద మాలిగావ ముందు నిలబడినప్పుడు ఈ సంగతి చెప్పేవారు పక్కన ఉంటే చూపే వేరు.

కాగితాలు సరిచూసుకోవాలి

శ్రీలంకలో దిగే నాటికి పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. కొత్తగా తీసుకునేవారికి 2017 నుంచి ఎంపిక చేసిన తపాలా కార్యాలయాల్లోనూ పాస్‌పోర్టు సేవా కేంద్రాలు పనిచేస్తున్నాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో టికెట్టులోనూ అలాగే ఉండాలి. వీసా నిబంధనలు, రుసుములు ఇటీవలి సంవత్సరాల్లో పలుమార్లు మారాయి. బయలుదేరే ముందు శ్రీలంక ప్రభుత్వ అధికారిక వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి. విదేశీ యాత్రా ప్యాకేజీపై టీసీఎస్ వసూలు చేస్తారు. పాన్ నంబరు ఇచ్చి రశీదు తీసుకుంటే ఆదాయపు పన్ను రిటర్నులో ఆ మొత్తాన్ని చూపుకోవచ్చు.

ప్రవేశ రుసుములు ప్యాకేజీలో ఉన్నాయో లేదో అడగడం ముఖ్యం. సిగిరియ వంటి చోట్ల విదేశీయుల టికెట్టు ఖరీదు ఎక్కువ. కొన్నిచోట్ల సార్క్ దేశాల వారికి తక్కువ ధర ఉంటుంది. అందుకు పాస్‌పోర్టు చూపాలి. సిగిరియ శిలపైకి సుమారు 1,200 మెట్లు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బులు ఉన్నవారు కింది ఉద్యానవనాలతో సరిపెట్టుకోవడం ఉత్తమం. బౌద్ధాలయాల్లో భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు ధరించాలి. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడాన్ని అక్కడివారు అపచారంగా భావిస్తారు.

అడ్వాన్సుకు ముందు అడగవలసినవి

* మనం వెళ్లే నెలలో ప్రణాళికలోని తీరంలో వాన ఉంటుందా?
* రోజుకు ఎన్ని గంటలు వాహనంలో గడపాలి?
* గైడుకు లైసెన్సు ఉందా? అతడికి తెలుగు, హిందీ, ఇంగ్లిషులలో ఏది వచ్చు?
* ప్రవేశ రుసుములు, మధ్యాహ్న భోజనం, వీసా ఖర్చు ధరలో కలిశాయా?
* తుపాను వల్లగాని, అనారోగ్యం వల్లగాని యాత్ర ఆగితే ఎంత సొమ్ము వెనక్కి ఇస్తారు?
* ప్రయాణ బీమా ఉందా? అందులో ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తింపు ఉందా?

ఈ జవాబులన్నీ నోటిమాటగా కాక కాగితంపై రాయించుకొని సంతకం తీసుకోవాలి. జవాబు చెప్పడానికి వెనుకాడే ఏజెంటుకు డబ్బు చెల్లించే ముందు మరోచోట విచారించడం మంచిది. యాత్ర పది రోజులే. అందుకు దాచిన సొమ్ము మాత్రం పదేళ్లది.