చెరువు చేపల విత్తనం: అసలుకే ఎసరు?

(మా వాణిజ్య విలేఖరి)

జనగామ: వానలు పడి చెరువులు నిండగానే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల చేపల వర్తకులు ఎండాకాలపు పట్టుబడికి లెక్కలు కట్టడం మామూలే. నీరెంత, వదిలిన పిల్ల ఎంత అన్నవే ఆ లెక్కకు ఆధారాలు. ఆ పిల్ల ఏ తల్లిచేపలకు పుట్టిందన్నది కూడా ఇక చూసుకోక తప్పదు. సరుకు బరువు తూగకపోతే మొదట నష్టపోయేది మత్స్యకారుడు, ఆ వెంటనే బయానా ఇచ్చిన వర్తకుడు.

ఈ ప్రాంతపు సరుకు రెండు విధాలు. మొదటిది బొచ్చె, రోహు, మృగాల. ఇవి వరద పారే నదిలో గుడ్లు పెడతాయి గాని చెరువు నిలవనీటిలో సాధారణంగా పెట్టవు. కాబట్టి కాకతీయుల నాటి బయ్యారం, గణపురం చెరువులకైనా, గోదావరి ఎత్తిపోతల నీరందే జనగామ చెరువులకైనా ఏటా విత్తనం వదలవలసిందే. రాష్ట్ర ప్రభుత్వం 2016లో ఉచిత పంపిణీ ప్రారంభించింది కూడా ఇందుకే. రెండవది కొర్రమీను, మార్పు, జెల్ల, పరక వంటి నాటు సరుకు. ఇది చెరువులోనే పుట్టి పెరుగుతుంది.

మొదటి రకానికి చిక్కు హేచరీలో ఉంది. ఈడుకొచ్చిన రోహు కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. అందువల్ల కొద్ది జతలతోనే లక్షల పిల్ల తీయవచ్చు. ఖర్చు తగ్గుతుంది, వైవిధ్యమూ తగ్గుతుంది. పది మగ, పది ఆడ చేపలతో విత్తనం తీస్తే తరానికి రెండున్నర శాతం వైవిధ్యం పోతుంది. రెండు మగ, పద్దెనిమిది ఆడ చేపలైతే చేపల సంఖ్య అంతే గాని, నష్టం సుమారు 7 శాతం. అదే పద్ధతి మూడు తరాలు సాగితే దాదాపు 19 శాతం పోయినట్లే. పెరుగుదల మందగించడం, రోగాలకు లొంగడం, అవిటి పిల్ల పుట్టడం దీని ఫలితాలు. వడ్డీ వస్తున్నదని మురిసిపోతూ అసలు తినివేయడం వంటిదే ఇది.

దీనికి విరుగుడు కూడా ఉంది. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ 1992లో నార్వే సహకారంతో రోహు మేలురకం కోసం పని ప్రారంభించింది. గంగ, యమున, గోమతి, బ్రహ్మపుత్ర, సట్లెజ్ నదుల రోహును, స్థానిక ఫారం రోహును కలిపి ఎంపిక చేయగా, తరానికి సుమారు 17 శాతం చొప్పున పెరుగుదల మెరుగైంది. అదే 1997లో విడుదలైన ‘జయంతి’ రోహు. నదులలో రకరకాల మూలజాతి మిగిలి ఉండబట్టే ఆ లాభం చేతికందింది. అలుగు పారినప్పుడు హేచరీ చేపలు వాగుల గుండా నదిలో చేరి అక్కడి జాతితో కలిసిపోతాయి. బలహీనమైన విత్తనం నష్టం చెరువుతో ఆగదన్నమాట.

ఇక 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను సంగతి. ఇది గాలి పీల్చుకోగలదు గనుక ప్రాణంతోనే మార్కెట్టు చేరుతుంది, బొచ్చె, రోహుల కంటే ఎక్కువ ధర పలుకుతుంది. వానాకాలంలో చెరువు అంచుల గడ్డిలో గుడ్లు పెట్టి పిల్లలను కాస్తుంది. ఎర్రని పిల్లల గుంపును ఆనవాలు పట్టి తల్లిని పట్టేస్తే ఆ గుంపంతా ఇతర చేపల పాలవుతుంది. వేసవిలో చెరువు అడుగంటా తోడి పట్టినా అంతే. నాటు మార్పుకు మరొక ముప్పు ఆఫ్రికా క్యాట్‌ఫిష్. దీని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది.

వర్తకులు చేయగలిగినదీ కొంత ఉంది. బయానా ఇచ్చే ముందు విత్తనం ఏ హేచరీది, అక్కడ తల్లిచేపలను ఎప్పుడు మార్చారు, మగచేపలు ఎన్ని అని సంఘాలను అడగవచ్చు. తొలకరిలో పిల్లలతో ఉన్న కొర్రమీనును కొనకుండా ఉండవచ్చు. ఎండాకాలంలో లోతు మడుగు ఒకటి పట్టకుండా వదిలే చెరువుకు కాస్త మెరుగైన ధర కట్టవచ్చు. ఆ మడుగులో మిగిలిన చేపే వచ్చే ఏటి నాటు సరుకుకు పెట్టుబడి.