పీకిన వెంట్రుక మళ్లీ వస్తుందా?

గడ్డం కింద నాలుగు నల్లని వెంట్రుకలు కనబడగానే ఆడపిల్ల చేసే మొదటి పని తలుపు గడియ వేసుకొని, అద్దం ముందు నిలబడి, చిమటాతో వాటిని లాగివేయడం. రెండవ పని యెవరికీ చెప్పకపోవడం. యెప్పటికో తల్లి కంటబడుతుంది. “పీకితే ఒకటికి పది మొలుస్తాయే తల్లీ!” అంటుందావిడ. పక్కనున్న అత్తయ్య వంత పాడుతుంది. కొన్నాళ్లకు వెంట్రుకలు నిజంగానే యెక్కువవుతాయి. అంతా నా చేతులారా చేసుకున్నదే అని పిల్ల కుమిలిపోతుంది. బెంగుళూరులోనైనా బరంపురంలోనైనా మన యిండ్లలో యీ కథ ఒక్కటే గనుక, యిందులో నిజమెంతో కాస్త నిదానంగా చూద్దాం.

ప్రతి వెంట్రుకకూ చర్మం లోపల ఒక కుదురు వుంటుంది. అది కొంతకాలం వెంట్రుకను పెంచుతుంది, కొంతకాలం వూరక వుంటుంది. చిమటాతో లాగినప్పుడు వెంట్రుక మొదలంటా వస్తుంది గాని కుదురు లోపలే వుండిపోతుంది. గరిక లాగితే ఆకు చేతికి వచ్చి వేరు నేలలో మిగిలినట్లన్నమాట. అందుచేత కొన్ని వారాలకు అక్కడే మరొక వెంట్రుక వస్తుంది. ఒక్క కుదురు పది కుదుళ్లు కాదు. తెల్లవెంట్రుకకు భయపడే మగవారికీ యిదే సమాధానం.

అయితే పెద్దల మాటకు పోలికగా ఒక వింత సంగతి వున్నది. 2015లో అమెరికా శాస్త్రజ్ఞులు యెలుకల వీపు మీద 200 వెంట్రుకలు పీకి చూశారు. దగ్గర దగ్గరగా పీకినప్పుడు చుట్టుపక్కల వూరకున్న కుదుళ్లు కూడా మేల్కొని, సుమారు 1200 వెంట్రుకల వరకు మొలిచాయి. దూరదూరంగా పీకితే అలా జరగలేదు. మొలిచినవి పాత కుదుళ్ల నుంచే గాని కొత్త కుదుళ్లు పుట్టలేదు. అది యెలుక వీపు. మనిషి గడ్డం మీద అట్లా జరుగుతుందని రుజువు లేదు.

మరి ఆ పిల్లకు వెంట్రుకలెందుకు పెరిగాయి? వయసుతోపాటు శరీరంలోని హార్మోనులు సన్నని నూగును ముతక వెంట్రుకగా మారుస్తాయి. చిమటా పట్టినా పట్టకపోయినా అవి వచ్చేవే. నెలసరి క్రమం తప్పడం, మొటిమలు, బరువు పెరగడం కూడా వుంటే అండాశయాలకు సంబంధించిన పి.సి.ఓ.ఎస్. అనే లోపం కావచ్చు. అప్పుడు పిల్లను మందలించడం కాదు, డాక్టరమ్మ వద్దకు తీసుకుపోవాలి. దాచిపెట్టి పీకుతూ కూర్చుంటే ఆ లోపం కూడా దాగిపోతుంది. మాకు అన్నిటికంటె బాధ కలిగించేది యిదే.

ఇక చిమటా నిజంగా అడ్డువచ్చే చోటు వేరొకటి. ఈనాడు పెండ్లి కుదరగానే లేసరు చేయించుకుందామని పరుగెత్తే పిల్లలున్నారు. లేసరు వెలుగును పట్టుకొనేది వెంట్రుకలోని నల్లరంగు. ఆ వేడి వెంట్రుక వెంబడి దిగి కుదురును దెబ్బ తీస్తుంది. నిన్ననే పీకేసిన చోట వెంట్రుకే లేదు. వెలుగు దేనిని పట్టుకోవాలి? డబ్బు దండుగ. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు ముందుగా చిమటా, దారం, మైనం అన్నీ మానుకోమంటారు.

అన్నాళ్లు యెట్లా తిరగడం అంటారా? కత్తెరతో కత్తిరించుకోవచ్చు, రేజరుతో గీసుకోవచ్చు. “ఆడది గడ్డం గీసుకోవడమా!” అని నోరు నొక్కుకోనక్కరలేదు. గీస్తే వెంట్రుక ముదురుతుందన్నది వట్టి మాట. 1928లోనే సెయింట్ లూయిస్ నగరంలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రజ్ఞురాలు పరీక్షించి, గీయడంవల్ల పెరుగుదలలో గాని లావులో గాని మార్పు లేదని ప్రకటించింది. కోసిన కొన మొద్దుగా వుంటుంది గనుక చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

అదే నగరంలో 1875లో చార్లెస్ మిచెల్ అనే కంటివైద్యుడు కంట్లోకి గుచ్చుకొనే రెప్పవెంట్రుకలను విద్యుత్తు సూదితో శాశ్వతంగా తొలగించే పద్ధతిని వెల్లడించాడు. అది నేటికీ వున్నది. దానికీ వెంట్రుక కనబడాలి. దాని వెంబడే సూది దిగాలి. యేళ్ల తరబడి లాగిన కుదురు వంకర తిరిగితే సూదికి దారి కష్టమవుతుంది. తెల్లవెంట్రుకలకు లేసరు పనిచేయదు గనుక పెద్దవారికి యీ సూదే గతి. మామ్మగారి గడ్డం మీద రెండే వున్నాయంటారా, చిమటాయే మేలు. ఆవిడను యెక్కడికీ తిప్పవద్దు.

పీకడంవల్ల అసలు నష్టం లేదనీ అనము. ఛాయ తక్కువ చర్మానికి కుదురు దగ్గర పుండు పడితే నల్లమచ్చ నెలల తరబడి నిలుస్తుంది. కొన్ని వెంట్రుకలు పైకి రాక లోపలే చుట్టుకొని పొక్కుతాయి. కనుబొమలను యేళ్ల తరబడి సన్నగా లాగించుకొంటే కొన్ని కుదుళ్లు పాడై, తరువాత కావాలన్నా రావు. ముక్కులో వెంట్రుకలను మాత్రం యెవరూ పీకకూడదు. అక్కడ చీము పడితే ప్రమాదం. చిన్న మొద్దుకొన కత్తెర చాలు.