బొగ్గు బాయిలో బోలెడు వింతలు!

1979లో ‘కాలా పత్థర్’ కోసం అమితాబ్ బచ్చన్ బొగ్గు మసి పూసుకున్నాడు. 2023లో ‘దసరా’ కోసం మన నాని పూసుకున్నాడు. ‘దసరా’ కథ నడిచేది సింగరేణి నేల మీదనే! సినిమావాళ్ళ మసి సాయంత్రానికి సబ్బుతో పోతుంది. మరి అసలు బాయి సంగతులో? అన్నట్టు, గోదావరిఖనిలో ఎవరైనా ‘బాయికి పోతున్న’ అంటే నీళ్ళు తోడడానికి అనుకునేరు! అక్కడ బాయి అంటే బొగ్గు గని.

ఊరక్కడ, పేరిక్కడ

గోదావరిఖని పేరులోనే ‘ఖని’ ఉంది. కానీ కంపెనీ పేరు మాత్రం ఎక్కడో ఖమ్మం వైపు, ఇల్లందు దగ్గరున్న సింగరేణి అనే ఊరిది! 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు కనిపెట్టింది ఆ ప్రాంతంలోనే. 1920 డిసెంబరు 23న ఆ పేరుతో కంపెనీ ఏర్పడింది. గనులు గోదావరి ఒడ్డుదాకా వచ్చినా పేరు మారలేదు.

మంచు ఖండంలో మన ఆకు

గోదావరి లోయ బొగ్గు పొరల్లో ‘గ్లాసోప్టెరిస్’ అనే చెట్టు ఆకుల అచ్చులు కనిపిస్తాయి. వయసెంతో తెలుసా? పాతిక కోట్ల ఏళ్ళ పైమాటే! 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ కెప్టెన్ స్కాట్ బృందం మంచులో ప్రాణాలు విడిచింది. కాళ్ళీడ్చుకుంటూ కూడా వాళ్ళు పారెయ్యకుండా మోసిన 16 కిలోల రాళ్ళలో ఉన్నది ఆ చెట్టు ఆకే! ఒకప్పుడు మన దేశమూ, అంటార్కిటికా ఒకే ఖండం మరి. ఆ ఖండం పేరు గోండ్వానా. ఆదిలాబాద్ అడవుల్లో ఉండే గోండుల పేరు మీదుగా వచ్చిందే అది.

పిట్టకు సిలిండరు

గనిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే రంగూ ఉండదు, వాసనా ఉండదు. అందుకని బ్రిటన్ గనుల్లో కెనరీ పిట్టను తీసుకెళ్ళేవారు. మనిషికి తెలిసేలోపే పిట్ట సొమ్మసిల్లేది. పాపం, దాన్ని బతికించడానికి కొన్ని పంజరాలకు చిన్న ఆక్సిజన్ సిలిండరు కూడా ఉండేది! 1986లో యంత్రాలొచ్చాక పిట్టల ఉద్యోగం ఊడింది.

మాట్లాడే కర్ర

గని పైకప్పు కింద పోటీలుగా కర్ర దుంగలు నిలబెట్టేవారు. ఇనుము ఉండగా కర్ర ఎందుకంటారా? పైన బరువు పెరిగితే కర్ర విరగకముందు కిర్రుమంటుంది. ఆ చప్పుడు విన్న కార్మికుడికి పరుగెత్తడానికి రెండు క్షణాలు దొరుకుతాయి. ఆ రెండు క్షణాలే ఒక ప్రాణం!

నీళ్ళు మాత్రం చెప్పి రావు

గాలికి పిట్ట ఉంది, కప్పుకు కర్ర ఉంది. నీళ్ళకో? 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలాలో పాత గనిలో నిలిచిన నీళ్ళు గోడ బద్దలు కొట్టుకుని వచ్చాయి. 370 మందికి పైగా పోయారు. ‘కాలా పత్థర్’కు ప్రేరణ ఆ దుర్ఘటనే. 2003 జూన్ 16న మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోనూ నీళ్ళు విరుచుకుపడి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. పక్కన పాత గని ఉంటే మ్యాపు సరిగ్గా చూడాలి, ముందుగా బోరు వేసి పరీక్షించాలి. నీళ్ళ విషయంలో పిట్టా, కర్రా అన్నీ ఆ మ్యాపే!

ఈసారి తెర మీద మసి ముఖం కనబడితే ఈల వెయ్యండి, వద్దనం. బాయిలో దిగిన అసలు మనిషిని కూడా ఒక్కసారి తలుచుకోండి. ఏమంటారు?