ఇంట్లో కార్ లిఫ్ట్ పెట్టించాలా? ముందు టేపు తీసి గ్యారేజీ కొలవండి

మామూలుగా నేనిక్కడ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి రాస్తుంటాను. ఈసారి టాపిక్ కాస్త బరువైనది. ఇంటి గ్యారేజీలో కారుని పైకెత్తే లిఫ్ట్. సరదాకి కొన్నది మాత్రం కాదు.

మాది చోడవరం దగ్గర వడ్డాది. నాన్న ఇరవై ఏళ్లు టాక్సీ నడిపారు. ఇప్పుడు మానేసినా మా డిజైర్, బాబాయి కారు, బావ కారు, మూడింటికీ ఆయిల్ మార్చడం, బ్రేకులు చూడటం ఆయనే చేస్తారు. పోయిన సంక్రాంతికి నేను ఇంట్లో ఉండగానే టైల్స్ మీద పెట్టిన జాకీ జారి, కారు ఒక పక్కకి కూలబడింది. నాన్న అప్పుడే చెయ్యి బయటికి తీసి, స్పానర్ కోసం ఇటు తిరిగారు. అంతే తేడా. "ఏటీ కాలేదురా" అని ఆయన నవ్వేశారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తప్పు జాకీది కాదు, మాదే. జాకీ కారుని ఎత్తడానికే, ఎత్తిన కారుని అలాగే మోయడానికి కాదు. మర్నాడే ఒక జత జాక్ స్టాండ్లు తెచ్చాను. ఆ తర్వాత లిఫ్ట్ సంగతి చూడటం మొదలుపెట్టాను.

ఏ రకాలు ఉన్నాయి?

టూ పోస్ట్: రెండు స్తంభాలు, నాలుగు చేతులు. కారుని బాడీ కింద పట్టుకుని ఎత్తుతుంది. నాలుగు చక్రాలూ ఖాళీగా వేలాడతాయి కాబట్టి ఏ పనైనా చేసుకోవచ్చు. కానీ బరువంతా రెండు స్తంభాల అడుగున ఉన్న యాంకర్ బోల్టుల మీద పడుతుంది.

ఫోర్ పోస్ట్: కారు పట్టాల మీదకెక్కి నిలబడుతుంది. ఒకదాని కింద ఒకటి రెండు కార్లు పార్క్ చేసుకోవడానికి బాగుంటుంది. చక్రాలు విప్పాలంటే మాత్రం పట్టాల మధ్య ఇంకో జాకీ కావాలి.

మిడ్ రైజ్ సిజర్: కత్తెరలా తెరుచుకుంటూ సుమారు ఒక మీటరు పైకి లేస్తుంది. టైర్లు, బ్రేకుల పనికి సరిపోతుంది. కారు కింద నిలబడలేం, కూర్చుని చేసుకోవాలి. మధ్యలో లిఫ్ట్ అడ్డు ఉంటుంది కాబట్టి గేర్‌బాక్స్ దింపడం కష్టం.

యూట్యూబ్ వీడియోలు చూసి నేను టూ పోస్ట్‌కి అడ్వాన్స్ కట్టబోయాను. అమ్మే ఆయన కూడా రంగు ఏది కావాలన్నాడే గానీ, ఫ్లోర్ ఎంత మందం అని అడగలేదు. నాన్నే ఆపారు: "ఏట్రా, ముందు స్లాబ్ ఎత్తు చూసావేటి?"

మొదటి కొలత: పైకప్పు

మా గ్యారేజీ స్లాబ్ 10 అడుగుల ఎత్తులో ఉంది, అంటే 3.05 మీటర్లు. డిజైర్ ఎత్తు సుమారు 1.55 మీటర్లు. మిగిలింది ఒకటిన్నర మీటరు. ట్యూబ్‌లైట్‌కి, కాస్త ఖాళీకి 15 సెంటీమీటర్లు తీసేస్తే 1.35. మనిషి నిలబడి పని చేయాలంటే కారు 1.8 మీటర్లు లేవాలి. పైగా చాలా టూ పోస్ట్‌ల స్తంభాలే 11, 12 అడుగులు ఉంటాయి. అంటే మా ఇంట్లో టూ పోస్ట్ ఆశ అక్కడితో అయిపోయింది. మీరు కొలిచేటప్పుడు ఇంట్లో ఉన్న కార్లలో ఎత్తైనదాన్ని తీసుకోండి.

రెండో కొలత: ఫ్లోర్

అందరూ వదిలేసేది ఇదే. మన ఇళ్లలో టైల్స్ కింద సాధారణంగా 1:4:8 పాళ్లలో పీసీసీ వేస్తారు. అది నడవడానికి, కారు నిలపడానికి సరిపోతుంది. యాంకర్ బోల్టులు పట్టుకునేంత బలం దానికి ఉండదు. చాలా లిఫ్టుల మాన్యువల్స్ కనీసం 4 అంగుళాల మందంతో మంచి కాంక్రీట్ అడుగుతాయి. పెద్ద వాటికి 6 అంగుళాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మీరు కొనే మోడల్ మాన్యువల్‌లో ఏముందో అదే ఫైనల్.

మేం ఒక మూల డ్రిల్ చేసి చూశాం. మూడంగుళాలకే బిట్టు మట్టిలోకి దిగిపోయింది. 4 టన్నుల లిఫ్ట్ తెచ్చి దాని మీద పెట్టినా, ఆ నేల 4 టన్నుల నేల అయిపోదు కదా.

మూడో కొలత: కరెంటు

లిఫ్ట్ మోటార్ చాలావరకు 2.2 కిలోవాట్లు ఉంటుంది. సింగిల్ ఫేజ్ 230 వోల్టుల మీద నడిచేటప్పుడే సుమారు 15 ఆంప్స్ లాగుతుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. అందుకే గీజర్ పాయింట్‌కి తగిలించకూడదు. మీటర్ దగ్గర్నుంచి విడిగా వైరు, విడిగా ఎంసీబీ, సరైన ఎర్తింగ్ కావాలి. మా ఇంటి శాంక్షన్డ్ లోడ్ 2 కిలోవాట్లే కాబట్టి ముందు లోడ్ పెంచమని ఈపీడీసీఎల్‌కి అప్లై చేశాం. షోరూముల్లో ఉండే లిఫ్టులు ఎక్కువగా త్రీ ఫేజ్‌వి. ఆర్డర్ చేసే ముందు మీకు కావాల్సింది సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అన్నది రాతపూర్వకంగా చెప్పండి.

స్పెక్స్‌లో ఏం చూడాలి?

ఫోన్‌కి మెగాపిక్సెల్స్ ఎలాగో, లిఫ్ట్‌కి టన్నులు అలాగ. అదొక్కటే చూసి మోసపోకండి. అసలు చూడాల్సింది మెకానికల్ లాక్. హైడ్రాలిక్ ఆయిల్ కారుని పైకి తీసుకెళ్తుంది. హోస్ పగిలినా, సీల్ కారినా కారుని ఆపేది ఆ ఇనుప లాకే. అది ఎన్ని ఎత్తుల్లో పడుతుందో అడగండి.

సర్టిఫికెట్ విషయంలోనూ జాగ్రత్త. ఐఎస్ఓ 9001 అనేది కంపెనీ పని పద్ధతికి ఇచ్చేది, ఆ లిఫ్ట్‌ని పరీక్షించి ఇచ్చింది కాదు. వాహనాల లిఫ్టులకు యూరప్‌లో ఈఎన్ 1493 అనే స్టాండర్డ్ ఉంది. అమెరికాలో ఏఎల్ఐ గుర్తు చూస్తారు. ఈ పేర్లు చెప్పి కాగితం చూపించమంటే, ఎదుటివాళ్ల సంగతి మనకే అర్థమవుతుంది.

మేం ఏం చేశాం?

3 టన్నుల సింగిల్ ఫేజ్ మిడ్ రైజ్ సిజర్ తీసుకున్నాం. టైల్స్ తీసేసి, 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున పాత పీసీసీ పగలగొట్టించి, మట్టి దిమ్మిస కొట్టించి, ఇనుప జాలీతో 6 అంగుళాల ఎం25 కాంక్రీట్ పోయించాం. రోజూ నీళ్లు పెట్టి 28 రోజులు ఆగాం. నాన్నకి పదో రోజుకే తొందర. "గట్టిపడిపోయింది కదరా" అంటారు. పైకి గట్టిగా కనిపించినా కాంక్రీట్ బలం లెక్కవేసేది 28 రోజులకే.

లిఫ్ట్ ధర జీఎస్టీ కాకుండానే లక్ష దాటింది. నేల, వైరింగ్ ఖర్చు అందులో మూడో వంతు అయింది. బడ్జెట్ వేసేటప్పుడు ఇది కలుపుకోండి.

బిగించాక మొదట ఖాళీగా పదిసార్లు ఎత్తి దించాం. తర్వాత కారుతో అడుగు ఎత్తు లేపి, నాలుగు రబ్బరు ప్యాడ్లూ సిల్ కింద జాకీ పాయింట్ల దగ్గరే ఉన్నాయో లేదో చూసి, కారుని చేత్తో ఊపి చూశాం. ఇప్పుడు రూలు ఒకటే: పైకెత్తాక, లాక్ మీదకి దించిన చప్పుడు వినిపించే వరకు ఎవరూ చెయ్యి కింద పెట్టకూడదు.

మీకు అవసరమా?

ఒక్క కారే ఉండి, ఏడాదికి రెండుసార్లు ఆయిల్ మార్చుకునేవాళ్లైతే లిఫ్ట్ దండగ. మంచి ట్రాలీ జాకీ, ఒక జత జాక్ స్టాండ్లు, చక్రాలకి అడ్డు దిమ్మలు చాలు. మాలాగ మూడు నాలుగు కార్ల పని ఇంట్లోనే జరుగుతూ, చేసేవాళ్లకి వయసు పైబడుతుంటే మాత్రం ఆలోచించండి. డబ్బులు ముందు నేల మీద పెట్టండి, తర్వాతే మెషీన్ మీద.

నాన్న ఇప్పుడు స్టూల్ వేసుకుని కూర్చుని బ్రేకులు చూస్తున్నారు. నేను హైదరాబాద్‌లో ఉన్నా, ఆదివారం ఫోన్ చేసి ముందు అడిగేది మాత్రం అదే: "లాక్ పడిందా నాన్నా?"